గారు లేని పేరు

మార్చి రెండో వారంలో ఒక గురువారం ఉదయం, డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో మా ఆఫీసు బల్ల మీద కాఫీ ఇంకా చల్లారకముందే ఆస్పత్రినుంచి ఫోను వచ్చింది. మా డ్రాఫ్టింగ్ రూముకి ఇరవై రెండేళ్ళు పెద్దదిక్కుగా ఉండి, నాలుగేళ్ళ కిందట విశ్రాంతి తీసుకుని, మన తెలుగు సంఘం ఉగాది భోజనాలకి ఏటేటా వచ్చి చివరి బల్ల దగ్గర కూర్చుని పులిహోర మారువడ్డించుకుని తిన్న ఆ వృద్ధమిత్రుడు ఇక లేరు. ఇలాంటి వ్యాసాల్లో నిర్యాణవార్త అశనిపాతంలా తాకిందని రాయడం మర్యాద. నాకు అలా అనిపించలేదు. ఫోను పెట్టేశాక నాకు మొట్టమొదట కలిగింది దుఃఖం కూడా కాదు, సిగ్గు. ఆరు వారాలు గడిచినా అది తగ్గలేదు. మన సంఘం పత్రిక సంపాదకులు నన్ను రెండు పేజీలు రాయమన్నప్పుడు వద్దనబోయి, రాయకపోతే ఇంకా సిగ్గుచేటని ఒప్పుకున్నాను.

మీలో చాలామందికి ఆయన "ఆల్ అంకుల్". మీ పిల్లల విరిగిన బొమ్మలు జేబులో వేసుకుని వెళ్ళి, మళ్ళీ పిక్నిక్‌కి బాగుచేసి తెచ్చిన తెల్లజుట్టు మనిషి. ఆఫీసు కాగితాల్లో ఆయన ఆల్బర్ట్. నిజానికి ఆయన పేరు ఆల్ కాదు, ఆల్బర్ట్ కూడా కాదు. ఆయన చెక్ దేశస్థుడు, పేరు వొయ్‌తెఖ్. ఆ సంగతి మన ఊళ్ళో నాకూ మా ఇంట్లోవాళ్ళకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిసి కూడా పదకొండేళ్ళు ఆ పేరు నోట్లోంచి బయటికి రానివ్వనివాణ్ణి నేను. కాబట్టి ఇది సగం నివాళి, సగం నేరాంగీకారం అనుకుని చదవండి.

నేను ఆ కంపెనీలో చేరింది డెబ్బైల చివర. రేకుని కారు తలుపుగా, బానెట్టుగా వొత్తే ఉక్కు అచ్చులకి అక్కడ డ్రాయింగులు గీసేవాళ్ళం. మొదటి రోజే మా మేనేజరు బాబ్ నా అప్లికేషను చేతిలో పట్టుకుని, సత్యనారాయణమూర్తి అన్న పేరు ఈ చివరనుంచి ఆ చివరిదాకా ఒకసారి చూసి, "ఇది నావల్ల కాదుగానీ, మార్టీ అంటే నీకు ఓకేనా?" అన్నాడు. నేను మహదానందంగా తలూపాను. పేరు పోతే పోయింది, ఉద్యోగం వచ్చింది అనుకున్నాను. మా అమ్మ ఏడేళ్ళు వ్రతాలు చేసి నన్ను కని ఆ స్వామి పేరే పెట్టుకుంది. మార్టీ సంగతి ఆవిడకి ఏ ఉత్తరంలోనూ రాయలేదు.

మేం గీసిన ప్రతి డ్రాయింగూ బయటికి వెళ్ళే ముందు చెకర్ చేతిలో పడుతుంది. ఆయన ఎర్ర పెన్సిలు పుచ్చుకుని ప్రతి కొలతా, ప్రతి గీతా పరీక్షిస్తాడు. ఆయన సంతకం పడితేగానీ వర్క్‌షాపువాళ్ళు ఉక్కు కొయ్యరు. ఆ చెకరే మన వొయ్‌తెఖ్. నా మొదటి డ్రాయింగు మీద ఎర్ర గీతలు చూసి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, తన గరగరలాడే ఇంగ్లీషులో, "డ్రాయింగంటే నువ్వెప్పుడూ చూడని మనిషికి రాసే ఉత్తరం. అతన్ని ఊహించుకోమని వదిలెయ్యకు" అన్నారు. తర్వాత నా పేరు అడిగారు. మార్టీ అన్నాను. "అది బాబ్ పెట్టింది. మీ అమ్మ పెట్టింది చెప్పు" అన్నారు. చెప్పాను. ఒక చిన్న అట్టముక్క తీసి ముక్కలు ముక్కలుగా రాసుకుని, తన దీపం కింద గుచ్చుకున్నారు. వారం తిరిగేసరికి గది ఆ చివరనుంచి "సత్యనారాయణమూర్తీ!" అని నిండుగా కేక వినిపించింది. ముప్ఫై బల్లలవాళ్ళు తలలెత్తి చూశారు. ఇంకెవరైనా అయితే పొంగిపోయేవారేమో, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

డ్రాయింగు మూలన ఉండే గడిలో ఆయన "వి. కె." అని సంతకం పెట్టేవారు. అందరూ ఆల్ అని పిలిచే మనిషి 'వి' అని ఎందుకు పెడతాడు? పెద్దాయన పొరపాటు పడుతున్నాడనుకుని, ఒక పాత డ్రాయింగు మళ్ళీ గీయాల్సి వచ్చినప్పుడు ఆ గడిలో నేనే చక్కగా "ఎ. కె." అని దిద్దాను. ఆయన చూశారు. కోపం లేదు. కరెంటుతో తిరిగే రబ్బరు తీసుకుని, కాగితం చిరగకుండా నెమ్మదిగా ఆ అక్షరాన్ని చెరిపి, 'వి' రాశారు. "జీతం చెక్కు మీద ఆల్బర్ట్ ఉండనీ, అది వాళ్ళ కాగితం. ఇది నా కాగితం" అన్నారు. ఆ రోజు మధ్యాహ్నం సాండ్‌విచ్ తింటూ తన పేరు కథంతా చెప్పారు. నా డబ్బాలో పెరుగన్నం ఎండిపోయినా కదల్లేకపోయాను.

ఆ పేరులో రెండు పాత మాటలు ఉన్నాయట. ఒకటి సైన్యం, రెండోది ఊరట. యుద్ధంలో అలసినవాళ్ళకి సేద కలిగించేవాడని అర్థం. వెయ్యేళ్ళ కిందట ప్రాగ్ నగరానికి ఆ పేరుగల బిషప్ ఒకాయన ఉండేవారు. చిన్నప్పుడు జర్మనుల ఊళ్ళో అడల్బెర్ట్ అనే గురువు దగ్గర చదువుకుని, భక్తి కొద్దీ ఆ గురువు పేరే తనూ స్వీకరించారు. ఉత్తరదేశాలకి మతం బోధించడానికి వెళ్ళి అక్కడే హతులయ్యారు. పుస్తకాలూ ప్రపంచమూ ఆయన్ని అడల్బెర్ట్ అనే ఎరుగుతాయి. సొంత ఊరివాళ్ళు మాత్రం వెయ్యేళ్ళుగా వొయ్‌తెఖ్ అనే పిలుస్తున్నారు. ఆ అడల్బెర్టే అరిగి అరిగి అమెరికాలో ఆల్బర్టు అయింది, అదే ఆల్. "ఆ మహానుభావుడు గురువు మీద ప్రేమతో పేరు మార్చుకున్నాడు. నేను మా మొదటి ఫోర్‌మన్‌కి నోరు తిరగక మార్చుకున్నాను" అని నవ్వారు. వాళ్ళింట్లో తాత వొయ్‌తెఖ్, తండ్రి వొయ్‌తెఖ్, ఈయనా వొయ్‌తెఖే. అమ్మ గుమ్మంలో నిలబడి పిలిస్తే ముగ్గురూ పలికేవారట. పసివాణ్ణయితే వొయ్‌తా అంటారు, మరీ ముద్దొస్తే వొయ్‌తీషెక్. ఈయనకి పిల్లలు లేరు. "నాతో ఆఖరు" అన్నారు, సాండ్‌విచ్ కాగితం మడతపెడుతూ.

చెక్ వాళ్ళ కేలండర్‌లో రోజుకొక పేరు ఉంటుంది. మన పంచాంగంలో తిథి చూసుకున్నట్టు వాళ్ళు ఈ రోజు ఎవరి పేరు అని చూసుకుంటారు. ఆ పేరుగలవాళ్ళందరికీ ఆ రోజు పండగ. వొయ్‌తెఖ్ పండగ ఏప్రిల్ ఇరవైమూడు. లోకమంతటా ఆ రోజు గుర్రం మీద ఈటె పట్టిన సెయింట్ జార్జిదే. ఒక్క వాళ్ళ దేశంలో మాత్రం జార్జి ఇరవైనాలుగుకి జరిగి చోటిచ్చాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన ఛాతీ ఒక అంగుళం పెరిగేది. ఆ రోజు ఆయన భార్య బొజెనా చేసిన, మధ్యలో గసగసాల ముద్ద పెట్టిన గుండ్రటి రొట్టెలు పళ్ళెం నిండా ఆఫీసుకి తెచ్చేవారు. అందరూ పుట్టినరోజనుకుని "హాపీ బర్త్‌డే ఆల్" అని పాడి రొట్టెలు ఖాళీ చేసేవారు. ఆయన పుట్టింది నవంబరులో. అన్నేళ్ళలో నేను ఒక్కసారయినా లేచి ఇది పుట్టినరోజు కాదని చెప్పలేదు. వాళ్ళతోపాటు నేనూ పాడాను.

మా అబ్బాయి బారసాలకి ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అపార్ట్‌మెంటుకి ఆ దంపతులిద్దరినీ పిలిచాం. పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాసి, పిల్లాడి చెవిలో మూడుసార్లు చెప్పాను. వొయ్‌తెఖ్ కుర్చీ ముందుకి లాక్కుని ఊపిరి బిగబట్టి చూశారు. "మొదట చెవిలో చెప్తారన్నమాట. కాగితం తర్వాత" అన్నారు. బొజెనా మా ఆవిడ లలితని, మీ ఆయన్ని ఏమని పిలుస్తావని అడిగింది. భర్త పేరు పలకకూడదని లలిత చెబితే ఆవిడకి అర్థం కాలేదు. "మరి షాపింగ్ సెంటర్లో తప్పిపోతే?"

"దగ్గుతాను" అంది లలిత.

బొజెనా పడీపడీ నవ్వింది. "నేను మా ఆయన్ని రోజుకి ఇరవైసార్లు పిలుస్తాను. సగం సార్లు పనేమీ ఉండదు" అంది. అప్పటినుంచి లలిత పార్ట్‌టైము ఉద్యోగానికి వెళ్ళే రోజుల్లో మా అమ్మాయి అరుణని బొజెనాయే చూసుకునేది. రాయల్ ఓక్‌లో వాళ్ళ వంటింట్లో స్టూలు మీద కూర్చుని మా పిల్ల పిండి పిసుకుతుంటే, ఆవిడ పెరట్లోకి తల వంచి భర్తని పిలిచేది. మొదటి అక్షరం మీద బరువు వేసి, చివర కాస్త గాలి వదిలి. నేను అరుణని తీసుకెళ్ళడానికి వెళ్ళినప్పుడల్లా ఆ పిలుపు వినేవాణ్ణి.

ఎనభైల మొదట్లో డెట్రాయిట్ ఎలా ఉండేదో మీకు చెప్పక్కర్లేదు. వారానికో బల్ల ఖాళీ. పరాయి దేశంవాడు కనబడితే చాలు, మొహం చిట్లించుకునే కాలం. ఆ రోజుల్లో నేను మరింత మార్టీనయ్యాను. లంచ్‌కి పెరుగన్నం మానేశాను. వొయ్‌తెఖ్ "సత్యనారాయణమూర్తీ" అని పిలిస్తే వినిపించనట్టు ఒక క్షణం ఆగి, ఎవరూ చూడటం లేదని చూసుకుని లేచేవాణ్ణి. ఆయన అది గమనించారు. ఆ తర్వాత గది అవతలినుంచి పిలవడం మాని, లేచి నా బల్ల దాకా వచ్చి, చెవి దగ్గర మెల్లిగా అనేవారు. పేరు మాత్రం తగ్గించలేదు.

బొజెనా క్యాన్సరుతో పోయిన శరదృతువులో, అంత్యక్రియలయిన మూడో రోజు లలిత ఇచ్చిన సాంబారు గిన్నె పట్టుకుని రాయల్ ఓక్ వెళ్ళాను. వంటింట్లో ఆయన ఒక్కరే. కెటిల్ కూత పెడుతున్నా లేవలేదు. నేనే స్టవ్ ఆపాను. అప్పుడు అన్నారు: "ఇవాళ మూడో రోజు. నా పేరు ఎవరూ అనలేదు. పోస్టుమన్ ఆల్ అన్నాడు. చర్చిలో ఫాదర్ కూడా ఆల్బర్ట్ అనే అన్నాడు. ఈ ఖండంలో నా పేరు తెలిసినవాళ్ళలో మిగిలింది మీ ఇంటివాళ్ళే." తర్వాత చిన్నపిల్లాడు మిఠాయి అడగడానికి మొహమాటపడినట్టు తల వంచుకుని, "ఏప్రిల్ ఇరవైమూడున ఒక్కసారి పిలుస్తావా? ఫోన్లో అయినా సరే. శుభాకాంక్షలేమీ వద్దు. పేరొక్కటి చాలు" అన్నారు.

"తప్పకుండా సర్" అన్నాను. ఆ క్షణంలో కూడా సర్ అన్నాను.

మనలో పెద్దవాళ్ళని పేరుపెట్టి పిలవం. మా తాతగారి పేరు నాకు పదేళ్ళొచ్చేదాకా తెలియదు. తండ్రి వయసు మనిషిని వట్టి పేరుతో పిలిస్తే నోరు పడిపోతుందన్న భయంతో పెరిగాం. ఇది నేను నాకు చెప్పుకున్న సంజాయిషీ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా పిరికితనానికి సంస్కారం అని పేరు పెట్టుకున్నాను. ఎందుకంటే మా బాబ్ కూడా నాకన్నా పద్దెనిమిదేళ్ళు పెద్ద. బాబ్‌ని బాబ్ అనడానికి ఏ రోజూ నా నోరు తడబడలేదు. జీతం ఇచ్చేవాడి దగ్గర అడ్డురాని సంస్కారం, పని నేర్పినవాడి దగ్గరే ఎందుకు అడ్డొచ్చింది? ఆ పేరు పైకి అంటే నేనూ ఆయన పక్కన, పలకడం రాని పేర్లవాళ్ళ గుంపులో నిలబడాలి. అది నాకు ఇష్టం లేదు.

ఆ తర్వాతి ఏప్రిల్ ఇరవైమూడు శనివారం వచ్చింది. అందరం రాయల్ ఓక్ వెళ్ళాం. లలిత గారెలు చేసింది. దారి పొడుగునా నేను కార్‌లో మనసులోనే ఆ పేరు అనుకుంటూ డ్రైవ్ చేశాను. బెల్లు కొట్టాం. ఆయన తలుపు తీశారు. ఇస్త్రీ చేసిన చొక్కా, దువ్విన జుట్టు, ఎదురుచూస్తున్నారని తెలుస్తూనే ఉంది. నేను నోరు తెరిచేలోగా ఏడేళ్ళ అరుణ నా కాళ్ళ పక్కనుంచి ముందుకి దూరి, "వొయ్‌తెఖ్!" అంది. బొజెనా వంటింట్లోంచి పిలిచినట్టే అంది. అదే బరువు, చివర అదే గాలి.

ఆయన తలుపు పట్టుకుని అలాగే ఉండిపోయారు. వంగి, "ఇంకోసారి" అన్నారు.

అరుణ నోరు తెరిచింది. నేను దాని భుజం పట్టుకుని వెనక్కి లాగాను. "అరుణా! పెద్దవాళ్ళని పేరుపెట్టి పిలుస్తారా ఎవరైనా? అంకుల్ అను" అని తెలుగులో గద్దించాను. భాష రాకపోయినా ఆయనకి అర్థమైంది. "ఫర్వాలేదు, పిల్లని ఏమీ అనకు" అన్నారు. నేను వినలేదు. పిల్ల మొహం చిన్నబుచ్చుకుని, "సారీ, ఆల్ అంకుల్" అంది. లలిత నావంక చూసిన చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. లోపలికి వెళ్ళి గారెలు తిన్నాం. ఆయన రెండు తిని చాలా బాగున్నాయన్నారు. తిరిగొచ్చేటప్పుడు పిల్లకి మర్యాద నేర్పానని తృప్తిపడ్డాను కూడా.

అక్కడినుంచే మన సంఘంలో పిల్లలందరికీ ఆయన ఆల్ అంకుల్ అయ్యారు. అరుణ అలా అంటుంటే విని మిగతా పిల్లలూ అన్నారు, పిల్లలు అంటుంటే మీరూ అన్నారు. ఆయన మళ్ళీ నన్ను అడగలేదు. నేను మాత్రం ఏటా ఆ తేదీకి తప్పకుండా ఫోన్ చేసి, "హాపీ నేమ్ డే సర్" అనేవాణ్ణి. అవతల ఒక్క క్షణం ఆగేవారు. తర్వాత, "థాంక్యూ, సత్యనారాయణమూర్తీ" అనేవారు. ఒక్క అక్షరం కూడా మింగేవారు కాదు.

మొన్న మార్చిలో ఆయనకి పక్షవాతం వచ్చిందని పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. ఆస్పత్రి కాగితాల్లో అయినవాళ్ళ గడిలో నా పేరు రాసుకున్నారట, మొత్తం, తప్పులేకుండా. బుధవారం సాయంత్రం ఆఫీసు వదిలాక వెళ్ళాను. పూలగుత్తి పట్టుకుని బాబ్ అప్పటికే అక్కడ ఉన్నాడు. వొయ్‌తెఖ్ కళ్ళు మూసుకుని ఉన్నారు. నర్సు నన్ను చూసి, "ఆల్బర్ట్ అని పిలిచాం, ఆల్ అని పిలిచాం. పలకడం లేదు. గొంతు వినబడుతోందని డాక్టరంటున్నారు. ఇంట్లో ఇంకేమైనా పేరుందా? తెలిస్తే ఒకసారి పిలిచి చూడండి" అంది.

నాకు తెలుసు. ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మంచం మీదికి వంగాను. ఆయన చెవి నా నోటికి జానెడు దూరంలో ఉంది. వెనకాల బాబ్ బూటు కిర్రుమంది. ఆ పేరు పలికితే బాబ్ ముందు నేను మార్టీని కాకుండా పోతానేమోనన్న పాడు ఆలోచన సరిగ్గా అప్పుడే వచ్చింది. "సర్" అన్నాను. ఆయనలో చలనం లేదు. ఇంకోసారి, "సర్, నేను మార్టీని" అన్నాను. చనిపోబోయే ఆ మనిషి దగ్గర, నా పేరు అట్టముక్క మీద రాసుకుని నేర్చుకున్న మనిషి దగ్గర, మార్టీని అన్నాను.

నర్సుతో, "ఒక పేరుంది. మా అమ్మాయి బాగా పిలుస్తుంది. రేపు స్కూలయ్యాక తీసుకొస్తాను" అని చెప్పి వచ్చేశాను. వద్దని గద్దించిన నోటితోనే, నేను చెయ్యాల్సిన పని ఆ పిల్ల మీద పెట్టాను. రేపటి స్కూలు వదలకముందే గురువారం ఉదయం ఫోను వచ్చింది.

దహనాలూ ఖననాలూ చూసేవాళ్ళు ఫారం ఇచ్చి పేరు రాయమన్నారు. ఆయన సోషల్ సెక్యూరిటీ కార్డు చూసి, ఆల్బర్ట్ అని నా చేత్తోనే రాశాను. చర్చిలో ఫాదర్ నేను రాసిందే చదివారు. సోమవారం పొద్దున్న శ్మశానంలో ఇరవైమంది దాకా నిలబడ్డాం. చలి ఇంకా పోలేదు. బొజెనా పక్కనే ఆయనకి చోటు. ఆవిడ పోయినప్పుడే ఇద్దరికీ కలిపి ఒకే రాయి పెట్టించారట, నేను ఎప్పుడూ చూడలేదు. ఎడమవైపు బొజెనా. కుడివైపు వొయ్‌తెఖ్ అని చెక్కి, కింద పోయిన సంవత్సరానికి ఖాళీ వదిలారు.

బాబ్ ఆ రాయి చదివి, ఖననంవాళ్ళ మనిషి దగ్గరికి గబగబా వెళ్ళాడు. "పొరపాటు జరిగింది. ఇది ఆల్ స్థలం కాదు. ఇంకెవరిదో" అన్నాడు. అతను కంగారుగా కాగితాలు తిరగేశాడు. కాగితాల్లో ఆల్బర్ట్ అనే ఉంది. అందరూ ఆ రాయి వంకా శవపేటిక వంకా చూస్తూ గుసగుసలాడారు. ఇరవైమంది ఎదురుగా, తన సమాధి దగ్గరే ఆ మనిషి పరాయివాడైపోయాడు. నేను అడుగు ముందుకి వేయాలి. నా కాళ్ళు కదల్లేదు.

నా పక్కనుంచి అరుణ కదిలింది. దానికిప్పుడు పన్నెండేళ్ళు. రాయి దగ్గరికి వెళ్ళి, ఆ అక్షరాల మీద చెయ్యి వేసి, ఇంగ్లీషులో, "ఇది కరెక్టే. ఇదే ఆయన" అంది. తర్వాత ఆ పేరు పైకి చదివింది. చదివింది అనకూడదు, పిలిచింది. ఐదేళ్ళు అనకపోయినా ఆ పిలుపు చెక్కుచెదరలేదు. లలిత చీరకొంగు నోటికి అడ్డుపెట్టుకుంది.

బాబ్ టోపీ తీశాడు. "ఇరవై ఏళ్ళ పైన కలిసి పనిచేశాను. నాకెవరూ చెప్పలేదే" అని, నావైపు తిరిగి, "మార్టీ, నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు" అన్నాను. బాబ్ ఇంకేమీ అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది.

తిరిగొచ్చేటప్పుడు కార్‌లో వెనక సీటునుంచి అరుణ, "నాన్నా, ఆయనకి నేమ్‌తో పిలిస్తే ఇష్టం కదా? నాకు తెలుసు. బట్ నువ్వు వద్దు అన్నావ్ కదా, సో ఆపేశా" అంది. నింద వేసినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు అంది. తప్పు ఇంకొకరి మీదికి నెట్టడానికి నాకు ఎవరూ దొరకలేదు.

మొన్న ఏప్రిల్ ఇరవైమూడు కూడా శనివారమే. అరుణ వస్తానంది. వద్దన్నాను, ఈసారి వేరే కారణానికి. నేనొక్కణ్ణే వెళ్ళాను. లలిత ముందు రోజు రాత్రి కూర్చుని బొజెనా రాసిచ్చిన కాగితం చూసి చేసిన గసగసాల రొట్టెలు నాలుగు పట్టుకెళ్ళాను, కొంచెం మాడాయి. రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని అలవాటుగా చూశాను. అలా చూసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అప్పుడు పిలిచాను. బారసాలలో చెప్పినట్టు మూడుసార్లు. ఇంత తేలికా? ఒక్క క్షణం కూడా పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ క్షణంలో తెలిసింది. వినాల్సిన చెవి మట్టిలో ఉంది.

ఆయన గుణగణాలు ఇంకా చాలా రాయొచ్చు. ఆ ఎర్ర పెన్సిలు వల్ల ఎన్ని అచ్చులు పాడవకుండా నిలిచాయో, ఆ చేతి కింద ఎంతమందిమి పనివాళ్ళమయ్యామో. అంతటి నిశితదృష్టి, అంతటి మృదుభాషణం ఇక మా డ్రాఫ్టింగ్ రూమ్‌లో చూడబోం. కంప్యూటర్లు వస్తున్నాయి, చెకర్ల బల్లలు తీసేస్తున్నారు. కానీ నాకు కలిగిన నష్టం వేరు, అది తిరిగొస్తుండగా కార్‌లో తెలిసింది. లలిత నన్ను ఏమండీ అంటుంది. పిల్లలు నాన్న అంటారు. మీరందరూ మూర్తిగారూ అంటారు. ఆఫీసులో మార్టీని. మా అమ్మ పోయి మూడేళ్ళయింది. నన్ను నా పూర్తి పేరుతో పిలిచేవాళ్ళు ఈ ఖండంలో ఒక్కరే ఉండేవారు, ఇప్పుడు ఆ ఒక్కరూ లేరు. బొజెనా అంత్యక్రియలయిన మూడో రోజు ఆయన వంటింట్లో కూర్చుని ఏమి అడిగారో నాకు ఇప్పుడు తెలిసింది.

మీ పిల్లలకి చెప్పండి, విరిగిన బొమ్మలు బాగుచేసిన అంకుల్ పేరు ఆల్ కాదని. వాళ్ళు గట్టిగా పలికితే ఆపకండి. ఆయన పేరు వొయ్‌తెఖ్. రాయగానే పక్కన గారు చేర్చడానికి కలం అలవాటుగా కదిలింది. ఆపేశాను. ఆయన అడిగింది పేరొక్కటే.